ఆఖరి నాలుగు కిలోమీటర్లు

తెనాలి,
6-1-2003.

గౌరవనీయులైన మేనేజరు గారికి,
శ్రీ సాగర సరుగుడు తోటల కంపెనీ, బాపట్ల.

నమస్కారమండి. నా పేరు లలితాంబ. ఇక్కడ బాలికల హైస్కూల్లో ముప్ఫై రెండేళ్ళు సోషలు చెప్పి పోయిన జూన్‌లో రిటైరయ్యాను. వీడ్కోలు సభలో నాకో పడక్కుర్చీ ఇచ్చి, ఇక హాయిగా ఇందులో కూర్చోవడమే మీ పని అని తొమ్మిది మంది ఉపన్యాసాలిచ్చారు. తొమ్మిదో ఆయన ముగించేసరికి నాకు ఒళ్ళు మండింది. ఆ వారంలోనే డాక్టరు కూడా, "మోకాళ్ళు అరిగాయమ్మా, నడక తగ్గించండి" అన్నాడు. "దాచుకుంటే మళ్ళీ మొలుస్తాయా నాయనా?" అని అడిగాను. మందులు రాసిచ్చాడు.

అందుకని మా ఇంటి గుమ్మం నుంచి సముద్రం దాకా నడిచి తీరాలని నిశ్చయించుకున్నానండి. నాకు తోడు మా పక్కింటి వసుంధర, పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ప్రతి ఆదివారం పొద్దున్నే, కిందటి వారం ఎక్కడ ఆగామో అక్కడిదాకా బస్సులో వెళ్ళి, అక్కణ్ణుంచి ఓపికున్నంత దూరం నడిచి, మళ్ళీ బస్సెక్కి ఇంటికొచ్చేస్తాం. అలా వేమూరు, రేపల్లె, పెనుమూడి, మళ్ళీ రేపల్లె, చెరుకుపల్లి మీదుగా కర్లపాలెం చేరాం. తొంభై కిలోమీటర్ల చిల్లర. ఇక మిగిలింది కర్లపాలెం అవతల మీ సరుగుడు తోట. దాన్ని దాటితే సముద్రమే. అడ్డంగా నాలుగు కిలోమీటర్లుంటుందని మావారు పటం మీద దారం పెట్టి కొలిచారు.

ఫిబ్రవరి 9, ఆదివారం ఉదయం, ఒక్కసారి మీ తోటలోంచి నడిచి వెళ్ళనిస్తే చాలండి. పుల్ల కూడా ముట్టుకోం.

మీ జవాబు కోసం చూస్తూ,
లలితాంబ.

తా.క. పెనుమూడి వెళ్ళి కృష్ణను చూసి వెనక్కి రావడం అనవసరమని వసుంధర గొడవ. నేను వినలేదు. సముద్రానికి వెళ్తూ దాని చుట్టాలని పలకరించకుండా ఎలా వెళ్తామండి?

*

బాపట్ల,
13-1-2003.

శ్రీమతి లలితాంబ గారికి,

విషయము: నాలుగు కిలోమీటర్ల సరుగుడు కోరుట గురించి.

తమ లేఖ అందినది. సరుగుడును మా కంపెనీ టన్నుల చొప్పున మాత్రమే ఇచ్చును. కిలోమీటర్ల చొప్పున ఇచ్చు ఆచారము లేదు. కావున తమకు పందిరి బాదులు కావలయునో, వంటచెరకు కావలయునో స్పష్టముగా తెలుపవలెను. తమ లారీ నెంబరు, డ్రైవరు పేరు కూడ తెలుపగలరు. లారీ నెంబరు లేని దరఖాస్తులు పరిశీలించబడవు.

ఇట్లు,
తమ విధేయుడు,
నరసింహారావు, మేనేజరు.

తా.క. తమ లేఖలోని వసుంధర అను వారు డ్రైవరా, క్లీనరా?

*

తెనాలి,
18-1-2003.

మేనేజరు నరసింహారావు గారికి నమస్కారం.

వసుంధర క్లీనరు కాదండి. మీ ఉత్తరం చదివి వినిపిస్తే రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ మాట నేనే అన్నట్టు!

మళ్ళీ మొదట్నుంచి చెప్తాను. నెమ్మదిగా చదవండి. నాకు బాదులొద్దు. వంటచెరకొద్దు, మా ఇంట్లో గ్యాసుంది. నాకు కావలసింది నడవడం. కాళ్ళతో. వసుంధరవి రెండు, నావి రెండు, మొత్తం నాలుగు కాళ్ళు. వాటికి నెంబర్లు లేవు.

ఆ రోజు మా ఏర్పాటు ఇదండి. కర్లపాలెంలో తెల్లవారగానే బస్సు దిగి ఏడింటికల్లా మీ గేటు దగ్గరుంటాం. మా నడకకి నాలుగు కిలోమీటర్లంటే గంటన్నర. మధ్యలో రెండుసార్లు కూర్చుంటాం, ఒకసారి నా మోకాలి కోసం, ఒకసారి వసుంధర కబుర్ల కోసం. ఎండెక్కేలోగా సముద్రం దగ్గరుంటాం. మాతో తెచ్చేవి పులిహోర, రెండు సీసాల మంచినీళ్ళు, ఒక గొడుగు. అగ్గిపెట్టె తేం. వచ్చేది 2 మందిమి.

ఇంతకన్నా విడమరిచి మా ఆరో తరగతి పిల్లలకి కూడా నేనెప్పుడూ చెప్పలేదు.

ఇట్లు,
లలితాంబ.

తా.క. ఆమధ్య చెరుకుపల్లి బస్సులో కండక్టరు, "ఏంటమ్మా, ఇందాకా బస్సులో వచ్చి, దిగి నడుస్తారేంటి? అదేదో ఇంటి దగ్గరే నడవొచ్చుగా?" అన్నాడు. అతనికి అర్థం కాకపోతే సరే. మీరు మేనేజరు.

*

బాపట్ల,
23-1-2003.

శ్రీమతి లలితాంబ గారికి,

విషయము: మా తోటలో పాదయాత్ర తలపెట్టుట గురించి.

తమ రెండవ లేఖ వలన తమరు పాదయాత్ర తలపెట్టినట్లు విశదమైనది. ఇది ఏ పక్షము తరఫున జరుగుచున్నదో తెలుపలేదు. జెండాలు ఎన్ని, మైకు సెట్లు ఎన్ని, నినాదములు ఏవి, తెలుపవలెను. నినాదముల ప్రతులు మూడు జతపరచవలెను.

తమరు "2 మందిమి" అని వ్రాసినారు. ఆ 2 ప్రక్కన ఉండవలసిన సున్నాలు తపాలాలో చెరిగినవని మా అనుమానము. రెండు వందల మంది అని భావించుచున్నాము.

ఒక ముఖ్య సంగతి. మా తోటలో దారి అనునది ఏదియు లేదు. పూర్వమును లేదు. ఈ మాట నిజమో కాదో కర్లపాలెం మండలాఫీసులోని పాత గ్రామ పటములో ఎవరైనను చూచుకొనవచ్చును.

ఇట్లు,
నరసింహారావు, మేనేజరు.

తా.క. మండలాఫీసులో గురువారము మధ్యాహ్నము రద్దీ తక్కువ.

*

తెనాలి,
1-2-2003.

మేనేజరు గారికి,

గురువారం మధ్యాహ్నం వెళ్ళానండి. మీరన్నట్టే రద్దీ లేదు.

ముప్ఫై రెండేళ్ళు పిల్లలకి పటాలు చదవడం నేర్పినదాన్ని. ఆ గ్రామ పటం నా ముందు పరిచేసరికి గుమాస్తా కన్నా ముందు నేనే వేలు పెట్టి చూపించాను. కర్లపాలెం నుంచి సముద్రపొడ్డు దాకా, ఇప్పుడు మీ తోట ఉన్నచోట నడిమధ్యగా, పక్కపక్కన రెండు చుక్కల గీతలు. అంటే బండ్ల డొంక. పక్కన "ప్రజల దారి" అని అక్షరాలా రాసి ఉంది. ముద్ర వేయించి నకలు తెచ్చుకున్నాను.

తిరిగొస్తుంటే బస్టాపులో ఒకామె ఖాళీ చేపల గంప బోర్లించి దాని మీద కూర్చుని అరికాళ్ళు ఒత్తుకుంటోంది. చినరేవు మనిషి. చినరేవంటే మీ తోట అవతల, ఒడ్డునున్న పల్లె.

"ఆ డొంక గురించి తెలుసా అమ్మా?" అని అడిగాను.

"ఎందుకు తెలవదండీ! మా అత్త నడిచింది, నేను నడిచాను. ఆరేళ్ళ కిందట తోటోళ్ళు గేటేసి తాళం పెట్టారు. ఇటు రోడ్డు మీదగా చుట్టు తిరిగి వస్తే పదకొండు కిలోమీటర్లండి. మేమొచ్చేసరికి బజారు అయిపోద్ది. చేప మెత్తబడిపోద్ది. మెత్తబడిన చేపని ఎవరు కొంటారండీ?"

"మరి అడగలేదా మీరు?"

"ఎవరినడగాలో మాకేం తెలుసండీ? గేటు కాడ లాజరుంటాడు. ఆడు మా ఊరోడే. తాళం చెవి ఆడికివ్వరు."

నరసింహారావు గారూ, నేను మీ దగ్గరికి ఒక ముసలి సరదాతో వచ్చాను. మీరు లారీ నెంబరు అడిగారు. జెండాలు అడిగారు. దారే లేదన్నారు. కాబట్టి అనుమతి కోరుతూ రాసిన రెండు ఉత్తరాలూ వెనక్కి తీసుకుంటున్నాను. ప్రజల దారిలో నడవడానికి ప్రజలు ఎవరినీ అడగనక్కర్లేదు. 9వ తేదీ ఉదయం ఏడింటికి మీ గేటు దగ్గరికి వస్తున్నాను. వచ్చి, నడుస్తాను. మీకు చేతనైంది చేసుకోండి.

లలితాంబ.

తా.క. మీరడిగిన నినాదాల ప్రతులు: "తాళం తియ్యి." మూడుసార్లు రాశాననుకోండి.

*

బాపట్ల,
4-2-2003.

శ్రీమతి లలితాంబ గారికి,

విషయము: తుది హెచ్చరిక.

తమ లేఖ మిక్కిలి అభ్యంతరకరముగా ఉన్నది. 9వ తేదీ ఉదయము గేటుకు రెండు తాళములు వేయబడును. లాజరు అను కాపలాదారు అచ్చట ఉండును. అతడు ఒక్కడే ఉండును. అతనికి వినికిడి కొంచెము తక్కువ.

గేటుకు కుడి ప్రక్కన ముళ్ళకంచె మొన్నటి గాలికి ఎనిమిది అడుగుల మేర పడిపోయి ఉన్నది. ఆ సందులోనుండి లోనికి వచ్చుట నిషేధించడమైనది. లోపల ఎర్ర రంగు నెంబర్లున్న చెట్ల వరుస వెంబడి తిన్నగా నడచిన యెడల సముద్రము వచ్చును. కావున ఆ వరుస వెంబడి నడచుట కూడ నిషేధించడమైనది.

ఇట్లు,
నరసింహారావు, మేనేజరు.

తా.క. చినరేవు స్త్రీలెవరును ఆ రోజు గంపలతో గేటు వద్దకు రాకూడదని కూడ చెప్పి పంపడమైనది. ఎన్ని గంటలకు రాకూడదో కూడ చెప్పితిమి.

*

తెనాలి,
10-2-2003.

నరసింహారావు గారికి,

నిన్న మీరు నన్ను కళ్ళారా చూశారు కాబట్టి కొత్తగా చెప్పేదేం లేదు. అయినా రాస్తున్నాను. ఎందుకంటే గేటు దగ్గర మీరన్న మాట నాకు రాత్రంతా ముల్లులా గుచ్చుకుంది. అదేంటో చివర్లో చెప్తాను.

ఏడింటికి మేం వచ్చేసరికి గేటుకి బయట లాజరొక్కడే ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడి నమస్కారం పెట్టి, ఏమీ వినపడనట్టు ఆకాశంలోకి చూశాడు. వసుంధర నా చెయ్యి పట్టుకుని, "అక్కయ్యా, అదుగో కంచె సందు. పద, దూరిపోదాం. ఇంటికెళ్ళి అట్లు పోసుకోవాలి" అంది.

నేను రానన్నాను. తొంభై కిలోమీటర్లు తల ఎత్తుకుని రోడ్డు మీద నడిచినదాన్ని, ఆఖరి నాలుగూ కంచె సందులోంచి దొంగలా దూరి నడవనా? ప్రజల దారి గేటు వైపునే ఉంది. గేటులోంచే వెళ్తాను. అలా అని గేటు ముందు ఇసకలో కూర్చున్నాను.

అప్పుడు వినపడింది గేటు లోపలివైపు సందడి. కంచె లేని సముద్రం వైపు నుంచి, చెట్ల వరుసల మధ్యగా ఆడవాళ్ళు, ఒకరి వెనక ఒకరు, తలల మీద గంపలతో వస్తున్నారు. నలభై మందికి తక్కువుండరు. అప్పుడే దొరికిన చేప, ఇంకా మెరుస్తోంది. బస్టాపులో నేను చూసినామె అందరికన్నా ముందుంది.

"కంచె సందుంది, అటు రండమ్మా! మీ బజారు టైమవుతుంది" అని అరిచాను.

"మీరు దూరారా పంతులమ్మగారూ?"

"లేదు."

"మేమూ దూరం. ఆరేళ్ళాగాం, ఇంకో గంట ఆగలేమా?" అని గంప దించి గేటుకి ఆనించి కూర్చుంది. ఒక్కొక్కరే గంపలు దించారు. గేటుకి అటు నలభై మంది, ఇటు ఇద్దరం. మధ్యలో మీ రెండు తాళాలు.

ఎవరు కబురు చేశారో గానీ, ఎనిమిదయ్యాక మీరు స్కూటరు మీద వచ్చారు. ఎండొచ్చింది. ఈగలొచ్చాయి. మీరు జేబురుమాలు ముక్కుకి కట్టుకుని, "ఏంటిదంతా? వీళ్ళెవరు? లాజరూ, ఎవరు రమ్మన్నార్రా వీళ్ళని?" అన్నారు. లాజరు, "ఆఁ?" అన్నాడు. మీరు మళ్ళీ అడిగారు. అతను మళ్ళీ "ఆఁ?" అన్నాడు.

నేను లేచి పటం చూపించాను. మీరు దాన్ని తలకిందులుగా పట్టుకున్నారు. నేను తిప్పి ఇచ్చాను. వేలు పెట్టి గీతలు చూపించాను. మీరు ఆ ముద్ర వంక చూశారు, నలభై గంపల వంక చూశారు. "ఇవి ఇక్కడే ఉంటే ఎలా అండీ, కుళ్ళిపోవూ?" అన్నారు. "కుళ్ళిపోతాయండి. అదే ఆరేళ్ళుగా వాళ్ళ బాధ" అన్నాను. మీరు వెంటనే తాళాలు రెండూ తీశారు. అది చూసి మీ మీద కోపం సగం పోయింది.

వాళ్ళు బయటికొస్తుంటే పక్కకి నిలబడి అందర్నీ పోనిచ్చాను. పోతూ పోతూ ఒక్కొక్కరూ నా భుజం తట్టి వెళ్ళారు. నా చీరకంటిన చేపల వాసన రెండు ఉతుకులకి కూడా వదల్లేదు. వదలకపోయినా ఫరవాలేదు.

తర్వాత మేం లోపలికి నడిచాం. మీ తోట చక్కగా ఉందండి. చెట్లన్నీ డ్రిల్లు పీరియడ్లో పిల్లల్లాగా బారులు తీరి, నెంబర్లతో, ఒకే ఎత్తులో. కింద రాలిన సన్నటి ఆకు పరుపులా ఉంది, మోకాలికి తెలియకుండా సాగింది. గాలికి ఆ చెట్లు చేసే చప్పుడు అచ్చం సముద్రమే. వసుంధర మూడుసార్లు "వచ్చేశాం" అంది, మూడుసార్లూ చెట్లే. నాలుగోసారి ఏమీ అనలేదు. తలెత్తి చూస్తే నీలంగా, ఎదురుగా, నిజం సముద్రం.

నీళ్ళలో మోకాలి దాకా దిగి నిలబడ్డాను. మా ఇంటి గుమ్మం నుంచి ఇక్కడిదాకా ఒక్క అడుగు కూడా వదలకుండా నా కాళ్ళతోనే వచ్చానని గుర్తొచ్చేసరికి ఏడుపొచ్చింది. వసుంధర చూడకుండా మొహం కడుక్కున్నాను. తనూ కడుక్కుంటోంది.

ఇక ఆ మాట సంగతి. గేటు దగ్గర నా పేరు చెప్తే మీరు, "లలితాంబ అంటే ఎవరండీ?" అన్నారు. మూడు ఉత్తరాలు రాశాను మీకు. మూడింటికీ మీరు సంతకం పెట్టి జవాబిచ్చారు. హెచ్చరించారు కూడా. ఒక మనిషిని అంతగా సతాయించి, ఎవరని అడుగుతారా? తాళం వేసినా క్షమిస్తాను గానీ ఇది మాత్రం క్షమించను.

లలితాంబ.

తా.క. మీరు నిషేధించిన ఎర్ర నెంబర్ల వరుస వెంబడే వెళ్ళాం. మీ నిషేధం లేకపోతే తప్పిపోయేవాళ్ళం. అందుకు మాత్రం కృతజ్ఞతలు.

*

బాపట్ల,
3-3-2003.

పూజ్యులైన లలితాంబ టీచరుగారికి,

కుమారి నమస్కరించి రాయునది. నేను మీకు తెలీదు. కానీ నా రాత మీకు బాగా తెలుసు. మా మేనేజరుగారు మిమ్మల్ని ఎవరని అడగడంలో ఆయన తప్పేం లేదండి. మీ ఉత్తరాలు ఆయన ఒక్కటీ చదవలేదు. మీకు వచ్చిన జవాబులూ చదవలేదు. నేను ఈ ఆఫీసులో టైపిస్టుని. ఆయన పదకొండింటికి వచ్చి, నేను పెన్సిలుతో టిక్కు పెట్టినచోటల్లా సంతకం చేసి, టిఫిన్‌కి వెళ్తారు. హెడ్డాఫీసు నుంచి వచ్చినవి తప్ప ఏదీ చూడరు. ఆ ఉత్తరాలన్నీ నేనే రాశానండి.

మాది చినరేవు. బస్టాపులో అరికాళ్ళు ఒత్తుకుంటూ మీతో మాట్లాడినావిడ మా అమ్మ. గంపతో పదకొండు కిలోమీటర్లు ఆరేళ్ళుగా తిరుగుతోంది. మా నాన్న తోమాసు ఉన్నన్నాళ్ళూ "ఆ డొంక పటంలో ఉందే, పటంలో ఉందే" అని అందరికీ చెప్పేవాడు, ఎవరూ వినలేదు. ఆ పటం నేనే వెళ్ళి అడిగితే మర్నాడే నా ఉద్యోగం పోతుంది. ఇంట్లో జీతం వచ్చేది నాకొక్కదానికే.

అలాంటప్పుడు మీ మొదటి ఉత్తరం వచ్చింది. "ఒక్కసారి నడిచి వెళ్ళనిస్తే చాలు" అని రాశారు. అనుమతి టైపు చేసి టిక్కు పెడితే సంతకం అయిపోయేది. మీరిద్దరూ నడిచి, సముద్రం చూసి, తెనాలి వెళ్ళిపోయేవారు. సోమవారం మళ్ళీ తాళం పడేది. ఉపన్యాసాలు వింటే ఒళ్ళు మండిందని రాశారే, అది చదివి, ఈవిడకొచ్చే కోపం ఊరికే పోయే కోపం కాదనిపించింది. సోషలు టీచరని కూడా రాశారు. పటం చూస్తే వదలరు. అందుకే లారీ నెంబరు అడిగాను. సున్నాలు కలిపాను. దారే లేదని అబద్ధం రాశాను. క్షమించండి. వసుంధరగారిని క్లీనరన్నందుకు ఇంకా ఎక్కువ క్షమించమని చెప్పండి. అది మాత్రం అవసరం లేదు, రాస్తుంటే నవ్వొచ్చి ఉంచేశాను.

కంచె సందు చూపించింది మీరు ఇబ్బంది పడకుండా లోపలికి, మా వాళ్ళు బయటికి పోతారని. మీరు దూరనంటారని నేను అనుకోలేదు. గేటు తీయించాలన్న ధైర్యం నా లెక్కలో లేదండి. అది పూర్తిగా మీదే. మా అమ్మ ఆ రోజు ఇంటికొచ్చి గంప దించకుండానే, "ఆ పంతులమ్మ ఇసకలో కూర్చుందే!" అని నాలుగుసార్లు చెప్పింది.

తర్వాత జరిగింది కూడా చెప్పాలి. గేటు ఎందుకు తీశావని హెడ్డాఫీసు వాళ్ళు మేనేజరుగారిని సంజాయిషీ అడిగారు. ఆయన కాగితం పట్టుకుని వచ్చి చెమటలు తుడుచుకుంటూ, "ఏదో ఒకటి రాయి కుమారీ, నా ఉద్యోగం నిలబడేలా" అన్నారు. రాశాను. "ఆ డొంక ప్రజల దారి అని పటములు పరిశీలించి స్వయముగా కనుగొంటిని. కంపెనీ మీద కేసు పడక మునుపే తెరిపించితిని. గేటును శాశ్వతముగా తొలగించుటకు అనుమతి కోరుచున్నాను" అని. టిక్కు పెట్టాను. సంతకం చేసేశారు.

నిన్న గేటు ఊడదీసి లారీలో వేసి పట్టుకుపోయారు. మా అమ్మ ఇప్పుడు ఏడింటికల్లా బజారులో ఉంటోంది. మీరొస్తే మా ఇంట్లో అన్నం తిని వెళ్ళాలి. మీరు చేప తినరేమో, కందిపప్పు తెచ్చి ఉంచుతాం.

ఇట్లు,
మీ చేత బలవంతంగా పాదయాత్ర చేయించిన,
తోమాసు కూతురు కుమారి.

తా.క. హెడ్డాఫీసు మేనేజరుగారికి మెప్పుదల ఉత్తరం పంపింది. దానితో పాటు ఆయన సంజాయిషీ నకలు కూడా జతచేశారు. హెడ్డాఫీసు కాగితం కదా, దాన్ని మొదట్నుంచి చివరిదాకా చదివారు. చదివి, కళ్ళజోడు తీసి, "నేను ఇంత బాగా రాస్తానా కుమారీ!" అన్నారు.